నెమలికంఠం రంగు చూపించిన వీడియో భాయ్

మా వీధి వీడియో భాయ్ మొన్న శుక్రవారం కన్నుమూశాడు. మా గద్వాలలో ఆయన వీడియో తీయని పెళ్లి అరుదు. దుఃఖంతో రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయన్ని తలుచుకుంటే సంతోషమే పొంగుకొస్తోంది, ఏం చేయను!

ఎవరింటికి వెళ్లినా ముందు టీవీ రంగులు సరిచేసేవాడు. "ఏందన్నా, మీ టీవీల అందరికీ కామెర్లయినయి!" అనేవాడు. ఛాయ్ ఆ తర్వాతే.

మా బిడ్డ సొంతంగా నేసిన మొదటి పట్టుచీర నెమలికంఠం రంగు. వనపర్తి పెళ్లికూతురు కోరి నేయించుకుంది. వీడియో కాల్‌లో చూపించాం. మగ్గం మనుషులం కదా, మరేదీ కనబడొద్దని ఫోన్ నిండా చీరే పట్టాం. అవతల పెళ్లికూతురి తల్లి గయ్యిమంది: "గీ బూడిద రంగేంది? మాకొద్దు!"

నా బిడ్డ ఫోన్ పక్కన పడేసి, "ఇగ నేను మగ్గమెక్క నాయనా" అంది. నేను ఒక్క పరుగున పోయి భాయ్‌ని పిలుచుకొచ్చాను.

ఆయన చూసి పకపకా నవ్వాడు. "పరేషాన్ గాకు బేటీ. మన కన్నేమో చుట్టూ ఉన్న గోడ, మనిషి, అన్నీ చూసి రంగు తేల్చుకుంటది. ఫోనుకు మీరు చీర తప్ప ఏం చూపించిండ్రు? వెలుతురే నీలమున్నదనుకొని, దిద్దబోయి రంగంత గుంజేసింది." చీరకు అటూ ఇటూ తెల్ల తువ్వాళ్లు పరిచాడు. ఫోన్‌లో నెమలి వచ్చి వాలినట్టయింది! మళ్లీ కాల్ చేస్తే ఈసారి పెళ్లికూతురే అరిచింది: "ఇదే అక్కా, ఇదే!"

నేను ఊరుకుంటానా? "భాయ్, ఫోన్ల ఇన్ని రంగులు ఏడికెల్లి వస్తయి?" అన్నాను.

"ఇన్ని లేవన్నా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు తీర్ల సన్న చుక్కలు. పక్కపక్కన వెలిగితే కన్నే కలుపుకుంటది. నీ చీరల నెమలికంఠం దారమున్నదా?"

లేదు! నిలువు పడుగు నీలం, అడ్డం పేక ఆకుపచ్చ. ఇన్నేళ్లు నేశాను, ఆ రంగు చూసేవాళ్ల కంట్లో పుడుతుందని ఆ రోజే తెలిసింది. కనబడిన ప్రతివాడినీ ఆపి చెప్పాను.

ఆ పెళ్లికి వీడియో తీయడానికీ భాయ్‌నే పిలిచారు. మమ్మల్నీ పిలిచారు. పెళ్లికూతురు మా చీరలో పందిరి దాటి ఎండలోకి వచ్చింది. ఒక అడుగుకు నీలం, మరో అడుగుకు ఆకుపచ్చ. భాయ్ కెమెరా దించేశాడు.

"తీయవా భాయ్?"

"తీస్తనన్నా. జర కంటితోని చూడనీ."

నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన పక్కన నా బిడ్డ మునివేళ్ల మీద లేచి చూస్తోంది.