రాజయ్య కంటి వాపు, లచ్చవ్వ సీసా

“అద్దం మార్చిండ్రు. మంచిదని చెప్పి నాసిరకంది పెట్టిండ్రు. లేకుంటే మా బాపుకు దర్వాజ వంకరగ ఎందుకు కనపడ్తది?” అన్నాడు సమ్మయ్య.

“కంట్ల పెట్టే అద్దం డబ్బా నీకు ముందుగాల చూపెట్టిండ్రు గద కొడుకా. చూసుకొని తలకాయ ఊపినవు,” అన్నాను నేను.

“డబ్బా చూసిన. లోపల ఏం పెట్టిండ్రో నేను చూసిన్నా?”

“నువ్వు సుత చెప్పులేసుకొని ఆపరేషన్ గదిలకు వస్తే, మీ బాపు కన్ను ఎవలు కాపాడ్తరు?”

ఇది కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం మాట. అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో వార్డు ఆయాను. డాక్టరు, నర్సు, కాంపౌండరు, ఆ కిందమెట్టు మాది. ఆపరేషన్ గదిలోకి మాకు ప్రవేశం లేదు. బయటికి వచ్చిన రోగిని పడుకోబెట్టడం, ఇంటికి పోయేటప్పుడు చుక్కల మందు వేసే పద్ధతి ఇంటివాళ్ళ చేత చేయించి చూడడం నా పని. డాక్టర్లు శుక్లం అనేదాన్ని మా దిక్కు మోతిబిందు అంటారు. మసకబారిన పొర తీసి, ఆ చోట చిన్న అద్దం పెడతారు.

సమ్మయ్య తండ్రి రాజయ్య జమ్మికుంట దగ్గరి పల్లెలో వడ్రంగి. కుడి కన్ను ఆపరేషన్ అయింది. పట్టీ విప్పిన నాడు మా కిటికీ చెక్కలో పగులు ఎక్కడుందో మంచం మీది నుంచే చెప్పాడు. కొన్ని వారాలు బాగానే గడిచాయి. తరువాత ఎవరి ఇంటికో టేకు దర్వాజ చేస్తూ, వడ్రంగులు చేసేటట్టే ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చెక్క అంచు తిన్నగా ఉందో లేదో చూశాడట. నడుమ ఉబ్బి కనిపించింది. చెక్క చివ్వి నునుపు చేసే రందా పట్టి ఆ ఉబ్బు తీశాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ తీశాడు. తీరా చూస్తే చెక్క ముందు తిన్నగానే ఉంది, రందా పట్టాకే గుంటపడింది. దర్వాజ చేయించుకునేవాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చారు. కన్ను ఇట్లాగే ఉంటే రాజయ్య చేతికి ఇక పని రాదు. సమ్మయ్య కోపం అందుకు.

అతని మీద నాకూ అనుమానమే. ఇంకో ఆసుపత్రికి రోగులను మళ్ళించే మనిషెవడో నేర్పి పంపాడేమో అనుకున్నాను. అద్దం మార్చారన్న మాట పుడితే ముందుగా వేలు చూపేది మా వార్డువాళ్ళ వైపే.

డాక్టరమ్మ రాజయ్య కంటికి స్కాను తీయించింది. అద్దం పెట్టిన చోటే ఉంది. కన్ను వెనక ఉండే రెటీనా అనే తెర నడుమ నీరు చేరి వాచింది. తడి పట్టిన గోడకు సున్నం ఉబ్బినట్టు అనుకోండి. ఆపరేషన్ బాగా జరిగిన కంటికి కూడా కొన్ని వారాలకు ఒక్కోసారి ఇట్లా వస్తుందని చెప్పింది. షుగర్ పెరిగినా వాస్తుంది, అది మరోసారి చూడాలి, మరునాడు పొద్దున పరగడుపున రమ్మంది. చుక్కలు వేశారా అని అడిగితే రాజయ్య భార్య లచ్చవ్వ, ప్రశ్న పూర్తి కాకముందే “ఏసిన” అంది.

ఆ తొందర నాకు నచ్చలేదు. బయటికి వచ్చాక, ఎట్లా వేశావో చూపెట్టమన్నాను. కింది రెప్ప లాగి, ఒకే చుక్క వేసినట్టు చేసి, ముక్కు పక్కన వేలితో ఒత్తి పట్టింది. చేతిలో తప్పు లేదు.

“మరి సీస ఏది?”

“అయిపోయింది. పారేసిన.”

ఆమె సంచి వైపు చూశాను. నీళ్ళు తెచ్చుకున్నది పేరు అరిగిపోయిన పాత కూల్‌డ్రింకు సీసాలో. సంచి తెగిన చోట కట్టింది మిఠాయి పొట్లం దారంతో. నా ఇంట్లోనూ ఖాళీ సీసా బయటికి పోదు, కుట్టుమిషను నూనెకో దేనికో ఉంటుంది. ఇట్లాంటి మనిషి సీసా పారేసిందంటే నేను నమ్మలేదు.

“మూత సుత పారేసినవా లచ్చవ్వా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సగం ఉన్నదక్కా. మంచిగ కనపడ్తున్నదన్నడు. ఎడమ కంటికి సుత చేపియ్యాలె గదా, ఉన్నదంత ఒడగొట్టుడెందుకని బియ్యం కుండల పెట్టిన.”

సమ్మయ్య గోడ వైపు తిరిగాడు. రాజయ్య మాత్రం, “నా కన్ను గూడ తీసి ఆ కుండలనే పెట్టకపోయినవే?” అన్నాడు.

“పెడ్దును. నువ్వు కుదురుగ ఉంటివా?” అంది లచ్చవ్వ.

సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆ చుక్కలు వాపు రాకుండా అణిచేవే, మధ్యలో ఆపకూడదు. అయితే వేసినా వాపు వచ్చేవాళ్ళు ఉన్నారు, తప్పంతా ఆమెదే అనలేను అంది. సమ్మయ్య స్కాను బొమ్మను రెండుసార్లు చూశాడు గానీ నమ్మానని అనలేదు. ఆ వాపు పూర్తిగా దిగడానికి నెలలు పట్టింది. రెండో కన్ను ఆ తరువాతే చేశారు.

స్కాను తీసిన మరునాడు పొద్దున మొదటి బస్సుకు వచ్చారు. రాజయ్య రక్తం ఇచ్చాడు. లచ్చవ్వ కొంగుముడి విప్పి సీసా ఇచ్చింది. మూత సందులో ఒక బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. మూత తీసిన సీసా నెల దాటితే పనికిరాదని డాక్టరమ్మ దాన్ని చెత్తబుట్టలో వేసింది. లచ్చవ్వ చూపు బుట్ట మీదే ఉంది, నాదీ అక్కడే ఉంది. కొత్త సీసా తెరిచి ఆమె చేతనే వేయించాను. రాజయ్య ఎడమ కన్ను మూసి వార్డు దర్వాజను చూశాడు.

“ఇంకా వంకరనే ఉన్నది.”

సమ్మయ్య పక్కన నిలబడి, తానూ ఒక కన్ను మూసి చూశాడు. “సక్కగనే ఉన్నది బాపు,” అన్నాడు.

అదే పూట ఇంకొక ముసలాయన ఇంటికి పోతున్నాడు. చుక్కల పద్ధతి చూపించాక ఆయన బిడ్డతో, సీసా అయిపోయాక ఖాళీది తెచ్చి నాకు చూపెట్టాలని చెప్పాను. ఎందుకని అడిగింది. “తెచ్చి చూపెట్టు,” అన్నాను.