చెప్పని చావు

శంకరవ్వ కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన ఆపరేషన్ గదిలో పదిహేడేళ్లుగా ఆయా. కత్తులు ఉడకబెట్టడం, గది కడగడం ఆమె పని. మత్తు సూది పడ్డాక రోగి గదుమ పట్టుకుని నోరు తెరిచి ఉంచడమూ ఆమె పనే. అక్షరం ముక్క రాదు గానీ, మనిషి ఒళ్లు సడలిందో లేదో ఆమె వేళ్లనే అడగాలి.

1986 ఎండాకాలంలో కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ముత్యం వచ్చాడు. దుబాయి పోవాలంటే ముందు హెర్నియా ఆపరేషన్ చేయించుకోవాలి. "మీ ఇంట్ల ఎవరికన్నా మత్తుతోని ఏమన్న అయిందా?" అని మత్తు డాక్టర్ రామచంద్రం అడిగితే, తల్లి భూమవ్వ "ఎవ్వలకేం కాలే సారూ" అంది. కొడుకు బల్ల ఎక్కబోతుంటే చచ్చినవాళ్ల పేరు ఏ తల్లి ఎత్తుతుంది?

సూది పడింది. వదులు కావలసిన దవడ శంకరవ్వ వేళ్ల కింద బిగుసుకుపోయింది.

"సారూ, నోరు తెరుస్తలేడు."

"జర ఆగు, అదే వదులైతది."

ఎట్లాగో గొంతులో ఊపిరి గొట్టం వేసి, కోత మొదలుపెట్టారు. నాడి నూట నలభై దాటింది. నొప్పి తెలుస్తోందేమోనని రామచంద్రం మత్తు ఇంకాస్త పెంచాడు. థర్మామీటర్‌లో జ్వరం లేదు. శంకరవ్వ మాత్రం రోగి వదిలిన గాలిని శుభ్రం చేసే సున్నం డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ముత్యం కాళ్లు కట్టెలయ్యాయి, కోతలో నెత్తురు నల్లబడింది. ఆమె ఎవరినీ అడగకుండా బయటికి పరుగెత్తింది.

"నిజం చెప్పు భూమవ్వా! మీ ఇంట్ల బల్ల మీద ఎవలు పోయిండ్రు?"

భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "మా తమ్ముడు. నిర్మల్ల, గిట్లనే ఆపరేషన్ చేస్తుంటె. ఒళ్లంత జరంతోని కాలి పోయిండు. ఎండకాలం గదా, ఎండదెబ్బ అన్నరు."

శంకరవ్వ లోపలికి వచ్చి ఆ మాట చెప్పగానే, ఈ మత్తు ఆ ఇంటి నెత్తురుకే పడదని అర్థమై రామచంద్రం దాన్ని కట్టేశాడు. సోడా దుకాణాల నుంచి ఐసు తెచ్చి ఒళ్లంతా పరిచారు. జ్వరం అప్పుడు ఎక్కింది, నూట ఎనిమిది దాకా. మధ్యాహ్నానికి ముత్యం చనిపోయాడు.

శంకరవ్వకు కోపం ఆగలేదు. తల్లి మీద కోపం. దవడ బిగిసినప్పుడే డాక్టర్ చెయ్యి పట్టుకుని ఆపని తన మీద అంతకన్నా ఎక్కువ కోపం. ముత్యం చెల్లెలు పోశవ్వ ఎనిమిది నెలల కడుపుతో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. శంకరవ్వ ఆమె భుజం పట్టుకుంది.

"బిడ్డా, కానుపుకు ఏ దవాఖానకు పోయినా, ముందుగాల మీ అన్న..."

ఏడుస్తున్న భూమవ్వ గబుక్కున లేచి, కూతురి రెండు చెవులూ మూసింది.

"కడుపుతోని ఉన్నది. గా ముచ్చట దానికి చెప్పకవ్వా."