పదుల్లో తగ్గిన మనిషి

ఊళ్లో లారీలన్నిటి బరువూ చెప్పే మనిషి తన బరువు ఎన్నడూ చూసుకోలేదంటే నమ్మడం కష్టమే గానీ, అది అక్షరసత్యం. ఇనుప తుక్కు కంపెనీ గేటు పక్కన నేలకు సమంగా పరిచిన పెద్ద కాటా, దాన్ని ఆనుకుని ఒక కిటికీ గది, ఆ గదిలో కుర్చీ నిండా అతను. లారీ ఖాళీగా వచ్చినప్పుడొకసారి, సరుకెత్తుకుని పోయేటప్పుడొకసారి కాటా ఎక్కి నిలబడుతుంది. రెండు అంకెల మధ్య తేడాయే సరుకు. ఆ తేడా అతని నోట వెలువడిందంటే యజమాని సైతం మారు మాట్లాడడు. డ్రైవర్లు అతనికి 'టన్ను' అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అన్నారు, తరవాత మొహం మీదే అన్నారు. చివరికి జీతాలిచ్చే గుమాస్తా కూడా 'టన్నుగారూ' అని మర్యాదగా పిలవడంతో అది బిరుదై కూర్చుంది.

ఆ బిరుదుతో సుఖంగా బతుకుతున్న రోజుల్లో అన్నయ్య పోయాడు. అన్నయ్యదీ అదే ఒళ్లు. మధ్యాహ్నం భోజనం దగ్గర మారు వడ్డించమని కంచం చాపి, చాపిన చెయ్యి చాపినట్టే పక్కకి ఒరిగిపోయాడు. వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పలకరింపుకు వచ్చినవాళ్లు శవాన్ని చూసి, టన్నును చూసి, మళ్లీ శవాన్ని చూసి, తల పంకించి వెళ్లారు. ఆ చూపు అతనికి అర్థం కాకపోలేదు.

నెల తిరక్కుండానే కంపెనీ పరీక్షలకు వచ్చిన డాక్టరు అతని రక్తపోటు చూసి, గొట్టం చెవుల్లోంచి తీసి, "మీ అన్నగారికి ఎన్నేళ్లు?" అన్నాడు. చెప్పాడు. "మీకు?" "ఏడాది తక్కువండి." "అయితే ఇంకో ఏడాది ఉందన్నమాట. ఈలోగా ఒళ్లు తగ్గించుకోండి," అని డాక్టరు తరవాతి మనిషిని పిలిచాడు.

టన్ను ఆ సాయంత్రమే ప్రాణం నిలబెట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఇందుకు మూడు మార్గాలు తేల్చాడు: సైకిలు, పథ్యం, దేవుడు.

సైకిలు పాతది కొన్నాడు. షాపువాడు సీటు కింద స్ప్రింగుల్ని వేలితో నొక్కి చూసి, "మీకు బలమే గురువుగారూ, పాపం దీని సంగతే ఆలోచిస్తున్నా," అన్నాడు. ఇంటికీ కంపెనీకీ మధ్య రైలు పట్టాల మీదుగా ఒక ఫ్లైఓవరు ఉంది. మొదటి రోజు అది ఎక్కలేక సగంలో దిగి, నెట్టుకుంటూ కంపెనీ చేరాడు. గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చునే కాపలాదారుణ్ని అందరూ గేటు మామ అంటారు. "ఏరా టన్నూ, సైకిల్ని షికారుకు తీసుకొచ్చావా?" అని అడిగాడు.

పథ్యం భార్య చేతిలో పడింది. వెన్న ఇల్లు విడిచింది, చక్కెర డబ్బా అటకెక్కింది. పొద్దున ఓ రొట్టె ముక్క, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు, రాత్రి మళ్లీ అవే, కాస్త విచారంగా. "ఇది వండినట్టు లేదండీ, మీ మీద ఏదో పగ తీర్చుకుంటున్నట్టుంది," అనేది ఆవిడ గిన్నె దింపుతూ.

ఇక దేవుడు. అంతకు ముందు టన్నుకు ఆయనతో పెద్దగా రాకపోకలు లేవు. కష్టం వచ్చాక వెళ్లడం ఏమిటని మొహమాటపడ్డాడు గానీ, ప్రాణభయం ముందు మొహమాటం ఎంతసేపు నిలుస్తుంది? రోజూ తెల్లారి గోడకెదురుగా నిలబడి, "స్వామీ, ఈ ఒళ్లు తీసెయ్యి, నన్ను మాత్రం ఉంచు," అని విన్నవించుకునేవాడు. ఫ్లైఓవరు మీద ఊపిరి అందక ప్రార్థన రెండు ముక్కలయింది. కుడి పెడలుకి 'తీసెయ్యి', ఎడమ పెడలుకి 'ఉంచు'. తీసెయ్యి, ఉంచు, తీసెయ్యి, ఉంచు అనుకుంటూ ఎక్కేసేవాడు.

ప్రతి సోమవారం పొద్దున్న, మొదటి లారీ రాకముందు, కాటా మధ్యలో నిలబడేవాడు. గేటు మామ కిటికీలోంచి తొంగి చూసి అంకె అరిచేవాడు. లారీల కోసం పుట్టిన ఆ కాటాకు గ్రాములూ కిలోలూ లెక్కలోకి రావు. అది పదేసి కిలోల్లోనే మాట్లాడుతుంది. సోమవారాలు గడిచాయి, అంకె ఉలకదు. ఒకనాడు ఉన్నట్టుండి పది తగ్గింది. టన్ను దిగి, మళ్లీ ఎక్కాడు. అదే అంకె.

"కాటా చెడిందేమోరా," అన్నాడు గేటు మామ.

"చెడలేదు మామా. పైవాడు వినిపించుకున్నాడు."

దేవుడు కూడా పదుల్లోనే తీసుకుంటాడని ఆనాడు అతనికి నమ్మకం కుదిరింది. దేవుడి కాటా మీదకు తనంతట తానే ఎక్కాడు కాబట్టి ఇక వేరే కాటాకు పోకూడదనుకున్నాడు. ఈ వృత్తిలో అంతకన్నా అవమానం లేదు. ఇక్కడ తూచిన సరుకును దారిలో ఇంకో చోట తూయించి సరిచూసుకున్న డ్రైవరుతో టన్ను ఏళ్ల తరబడి మాట్లాడలేదు. డాక్టరు దగ్గరికి పోవడమంటే అటువంటి పనే. పైవాడు చెప్పిన అంకెను ఇంకొకడి చేత సరిచూయించడం.

తరవాతి పది తొందరగానే తగ్గింది. క్యాంటీనులో అతని చుట్టూ జనం చేరారు. బొజ్జలున్న డ్రైవర్లు రహస్యం అడిగారు. టన్ను రొట్టె ముక్క వేళ్లతో ఎత్తి చూపిస్తూ ఉపన్యాసం చెప్పేవాడు: "ముందు కడుపుని లొంగదియ్యాలి. నాకు రెండో ముద్దకే చాలంటుంది. బలవంతంగా తిన్నా గొంతు దగ్గరే ఆపేస్తుంది. అంత మాట వింటోంది." డ్రైవర్లు ఆశ్చర్యపోయేవారు. ఒకడు మర్నాటి నుంచే సైకిలు మొదలుపెట్టాడు కూడా.

అన్నయ్య పోయిన వయసు వచ్చింది, దాటింది. ఆ రోజు టన్ను వదినకి ఫోన్ చేసి ఏమీ చెప్పకుండానే పెట్టేశాడు. తను బతికాడు. ఆ గండం గడిచిందనుకున్నాడు.

భార్యకు మాత్రం కుదుటపడలేదు. వానలకు సైకిలు చైను తుప్పు పట్టి, షాపులో పడి ఉంది. టన్ను బస్సులో పోయి వస్తున్నాడు. వచ్చీ రాగానే మంచమెక్కుతున్నాడు. ఆవిడ చెప్పకుండానే కూరల్లో నూనె పోస్తోంది. అయినా సోమవారం ఇంకో పది పోయింది.

"సైకిలేమో షాపులో ఉంది. మీరేమో మంచం మీదున్నారు. మరి ఎవరు తొక్కుతున్నారండీ?"

"దేవుడు."

"ఆయన్ని కాసేపు ఆగమనండి. ఒకసారి డాక్టరుకి చూపిద్దాం."

"తగ్గమన్నదే డాక్టరు. తగ్గాక పోయి, అయ్యా తగ్గిపోయానని ఫిర్యాదు చెయ్యనా?"

ఆవిడ వంటింట్లోకి పోయి కూరలో ఇంకో గరిటె నూనె పోసింది. గేటు మామ అంకె అరవడం మానేశాడు. "నీ చొక్కాలో ఇంకొకడు కాపురముండొచ్చురా. నేను చూడను పో, నాకు భయంగా ఉంది," అని కిటికీ నుంచి తప్పుకున్నాడు. టన్ను తనే ఎక్కి, దిగి, పరుగున పోయి, గదిలో అంకె చూద్దామనుకునేవాడు. చేరేసరికి అది సున్నా అయిపోయేది.

ఒకరోజు మంచినీళ్లు కూడా వెనక్కి వచ్చాయి. అప్పుడిక ఆవిడ అడగలేదు. ఆటో పిలిచి ఎక్కించింది.

పెద్దాసుపత్రిలో గొంతులోంచి కెమెరా దింపి చూశారు. డాక్టరమ్మ చిన్నది, కూతురి వయసుంటుంది. "మింగుడు పడకపోవడం ఎప్పట్నించి?" అని అడిగింది.

"మింగుడు పడకపోవడం కాదమ్మా," అన్నాడు టన్ను, "నిగ్రహం."

డాక్టరమ్మ రాయడం ఆపింది. కాసేపటికి బొమ్మ గీసి చూపించింది. అన్నవాహిక అడుగున, కడుపు మొదట్లో, గడ్డ. మంచి గడ్డ కాదు. "కొన్ని నెలల ముందు వచ్చుంటే..." అని మొదలుపెట్టి, అతని భార్య మొహం చూసి, ఆ వాక్యం అక్కడే వదిలేసింది. ఆపరేషన్ చెయ్యొచ్చు, ఇంకా చెయ్యి దాటిపోలేదు. అయితే ఒక చిక్కుంది. "ఈ ఒంటితో బల్ల మీద పడుకుంటే మీరు లేవరు. కొంచెం బరువు పెరిగి రండి. ఆలస్యం కూడా చెయ్యకూడదు. నోటితో కుదరకపోతే గొట్టం పెడదాం."

అటక మీంచి చక్కెర డబ్బా దిగింది. వెన్న తిరిగొచ్చింది. పాలల్లో గుడ్డు, పాలల్లో వెన్న, పాలల్లో చక్కెర, చెంచాతో గంటకింత. సగం లోపలికి పోయేది, సగం గుడ్డ తడిపేది. ఏడాది పాటు ఏవి తలచుకుని లొట్టలేశాడో వాటిని ఇప్పుడు కన్నీళ్లతో మింగుతున్నాడు. తెల్లారి గోడకెదురుగా మాత్రం నిలబడటం మానేశాడు.

"ప్రార్థన చెయ్యరేం?" అంది భార్య.

"ఏ మొహం పెట్టుకుని చెయ్యనే? తీసెయ్యమని ప్రాణం తీసింది నేనే. ఇప్పుడు తిరిగిచ్చెయ్యమని అడగనా?"

"నేనడుగుతాలెండి. తీసెయ్యమని నేనెప్పుడూ అనలేదు."

మళ్లీ చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. వెచ్చగా ఉంటుందని ఆవిడ అతనికి రెండు స్వెటర్లు తొడిగింది. ఆటోలో కూర్చోగానే లోపలి స్వెటరు జేబులు తొడలకు తగిలాయి. అతను చెయ్యి పెట్టి తడిమాడు. ఇనుప నట్లు. బరువైనవి, గుండ్రంగా, చల్లగా. ఇవి ఏ తుక్కు యార్డువో అతనికి తెలుసు.

"గేటు మామ ఇచ్చాడా?"

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ, "కొంచెం తక్కువుందని గొట్టం పెట్టి, ఇంకో నెల తిప్పుతారు. ఆ నెలలో గడ్డ పెరగదా? ముందు ఆపరేషన్ దాకా పోనివ్వండి, తరవాత వాళ్లే చూసుకుంటారు," అంది. అంతవరకూ ఆవిడ లెక్క తప్పు కాదు. డ్రైవర్లు ఇంతకన్నా తెలివిగా చేసిన మోసాలు అతను కుర్చీలోంచి లేవకుండానే పట్టుకున్నాడు. కానీ ఈ లారీని ఆపాలని అతనికీ లేదు.

నర్సు తూకం యంత్రం గ్రాములతో సహా చెప్పేది. అతను ఎక్కాడు. అంకె నిలబడింది. "అబ్బో, బాగా పెరిగారే!" అంది నర్సు. భార్య గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి చదువుతున్నట్టు నిలబడింది.

"అమ్మా, మత్తుమందు ఈ తూకాన్ని బట్టే ఇస్తారా?" అని అడిగాడు టన్ను.

"అన్నీ దీన్ని బట్టేనండి. మందు, నెత్తురు, ధైర్యం, అన్నీ."

టన్ను యంత్రం మీద అలాగే నిలబడ్డాడు. నర్సు కలం ఎత్తింది. అప్పుడతను స్వెటరు లోపలికి చెయ్యి పెట్టి ఒక నట్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకోటి. రెండో జేబులోవి. బల్ల మీద అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. అంకె కిందికి దిగి, పోయినసారి కన్నా తక్కువ దగ్గర ఆగింది.

"ఇది ఖాళీ బండి తూకం," అన్నాడు. "ఇదే రాసుకోండి."

"బతకాల్సిన చోట కూడా మీ కాటా బుద్ధి పోనిచ్చుకోరా!" అని అరిచింది భార్య. వరండాలో జనం తిరిగి చూశారు. "నిజాయితీ కాదే," అన్నాడు అతను దిగుతూ, ఆవిడ భుజం పట్టుకుని. "భయం. లేని మనిషికి లెక్కగట్టి మందిస్తే, ఉన్నవాడు లేస్తాడా?"

నర్సు ఆ అంకెనే కాగితం మీద రాసింది. నట్లను ఒక కవర్లో వేసి ఆవిడ చేతికిచ్చింది. డాక్టరమ్మ అరగంటలో వస్తుంది, అప్పుడు గొట్టం సంగతి తేలుతుంది.

ఇద్దరూ వరండా బల్ల మీద కూర్చున్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని సంచీలోంచి డబ్బా తీసింది. పాలలో నానబెట్టి మెదిపిన రొట్టె. చెంచాతో తీసి అతని నోటి దగ్గర పెట్టింది. అతను చాలాసేపు నములుతూ కూర్చున్నాడు, కళ్లు మూసుకుని మింగాడు. అది లోపల నిలుస్తుందో లేదో తెలిసేదాకా ఇద్దరూ కదల్లేదు.