జవాబుల నాగబాబు

నాగబాబు గురించి నాగబాబు కంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే తనను తాను వెక్కిరించుకున్నంత కసిగా అతన్ని ఇంకెవరూ వెక్కిరించరు. "నాను పుట్టినప్పుడు దేవుడు నోరు ముందిచ్చీసి, బుర్ర తర్వాత పంపిత్తానన్నాడు బావా. ఇంకా దారిలోనే ఉన్నట్టుంది," అంటాడు, గోపాలపట్నం మార్కెట్టు పక్క తన రిపేరు కొట్లో కూర్చుని. ఎదుటివాడు నవ్వేలోపే తాను నవ్వేస్తాడు. అదొక అలవాటు.

పుట్టింది జాలరిపేటలో. తండ్రి పేరు గురువులు, పడవకి తండేలు. అంటే చుక్కాని పట్టుకుని, ఐదారుగురిని నడిసముద్రానికి తీసుకెళ్ళి, మళ్ళీ క్షేమంగా ఒడ్డుకి చేర్చే పెద్ద. కొడుకేమో పడవెక్కితే చాలు, ఇంకా ఒడ్డు కనబడుతుండగానే కక్కేసేవాడు. మూడేళ్ళు ప్రయత్నించారు. నిమ్మకాయ వాసన చూపించారు, తాయెత్తు కట్టారు, చివరికి అతన్నే తాడుతో కట్టారు. ఏదీ పనిచేయలేదు. "సేపలు పట్టలేదు గానీ వాటికి మేత మాత్రం బాగా ఏసినాను," అని ఆ రోజుల్ని తలుచుకుంటాడు.

అయితే ఆ మూడేళ్ళలో తండ్రి దగ్గర ఒకటి నేర్చుకున్నాడు. సముద్రం మీద మబ్బు కమ్మినప్పుడు, దిక్కు తెలియనప్పుడు, పడవలో వాళ్ళు "ఎటు?" అని అడిగితే తండేలు వెంటనే చెప్పాలి. తెలీదు అనే మాట నోట్లోంచి రాకూడదు. "తప్పు సెప్తే తిప్పుకోవచ్చురా. తెల్దంటే మనుషులు బెదిరిపోతారు," అనేవాడు గురువులు. కొడుకు ఈ ఒక్క ముక్కని గుండెలో పెట్టుకుని సముద్రం వదిలేశాడు. హార్బరులో ఒక మెకానిక్కు దగ్గర స్పానర్లు అందించి, వైండింగు నేర్చుకుని, తొంభై ఒకటిలో గోపాలపట్నంలో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు పెట్టాడు.

మిక్సీ బాగయ్యేదాకా మనిషి ఊరికే కూర్చోడు కదా. ఏదో ఒకటి అడుగుతాడు. అడగడం ఆలస్యం, నాగబాబు జవాబు చెప్పేసేవాడు. అతని దగ్గర అన్నిటికీ మూలకారణం ఒకటుండేది: ఉప్పుగాలి. ఫ్యాను తిరగకపోతే ఉప్పుగాలి, టీవీలో బొమ్మ దడదడలాడితే ఉప్పుగాలి, అల్లుడు మాట్లాడకపోతే కూడా అల్లుడి ఊరు అనకాపల్లి గనక ఇక్కడి ఉప్పుగాలి పడలేదు.

పేరు రావడానికి కారణం లెక్చరర్ అర్జునరావు గారి కారు. తొంభై ఆరులో ఆయన సెకండ్‌హ్యాండ్ ఫియట్ కొన్నారు. చలికాలం పొద్దున్నే అది ససేమిరా స్టార్టయ్యేది కాదు. "తూర్పు ముఖంగా పెట్టండి మేష్టారూ," అన్నాడు నాగబాబు. ఎందుకన్నాడో అతనికే తెలీదు. మర్నాడు సూర్యుడు బానెట్ మీద పడి, ఇంజను వెచ్చబడి, కారు మొదటి తిప్పుకే లేచి కూర్చుంది. ఆయన కొట్టుకొచ్చి అందరి ముందూ దణ్ణం పెట్టారు. గుడ్డిదెబ్బ కొట్టినవాడు తనకి చూపు వచ్చిందనుకుంటే ఇంకేముంది, ఆ రోజునుంచి అతనికి పగ్గాల్లేవు.

ఒకాయన పొమరేనియన్ కుక్కకి ఎండాకాలం బొచ్చు ఊడిపోతోందంటే ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించమన్నాడు. అది నూనెతో వెళ్ళి కొత్త సోఫా మీద పొర్లింది. ఇంటావిడ కుక్కని లోపలే ఉంచి మొగుణ్ణి వరండాలో పడుకోబెట్టింది. తొంభై తొమ్మిదిలో ఒక కుర్రాడు కంప్యూటరు కొన్నాడు. అది ఊరికే ఆగిపోతోందంటే "ఉప్పుగాలి తగలకుండా దుప్పటి కప్పీ," అన్నాడు. నడుస్తున్న కంప్యూటరుకి ఉన్ని దుప్పటి కప్పారు. గంటలో వీధంతా కాలిన వాసన. వెంకటరమణమ్మ గారికీ ఆవిడ కోడలికీ సీరియళ్ళ దగ్గర రోజూ గొడవంటే రెండో టీవీ కొనమన్నాడు. గొడవలు నిజంగానే ఆగిపోయాయి. ఆ ఇంట్లో కూర వండటం కూడా ఆగిపోయింది.

ఇన్ని జరిగినా జనం రావడం మానలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. తన మాటకి అంత విలువ ఉందని నాగబాబు లోలోపల పొంగిపోయేవాడు. రెండువేల మూడులో కేబుల్ ఆపరేటరు వీరేంద్ర తన లోకల్ ఛానల్లో ఆదివారం పది గంటలకి అరగంట ఇచ్చాడు. పేరు 'నాగబాబుని అడగండి'. జంతువులు, యంత్రాలు, కాపురాలు, వాహనాలు, ఏదైనా సరే. అరగంటలో ఇరవై ఫోన్లకి జవాబు చెప్పిన రోజున నాగబాబు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అడిగేవాళ్ళు సగంలో ఉండగానే ఇతను చెప్పేయడం వల్లే ఇరవై కుదిరాయని అప్పట్లో తట్టలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక ఆదివారం చివరి ఫోను వచ్చింది.

"జాలరిపేట నుంచి గంగాలమ్మని బాబూ. మా మనవరాలిని నిన్న కుక్కపిల్ల కరిసీసింది. మరేటంటే..."

"పిల్లా, పెద్ద కుక్కా?"

"పిల్లే గానీ బాబూ, దానికి..."

"పిల్ల కుక్కకి విషముండదమ్మా. సబ్బెట్టి కడిగి పసుపెయ్యండి. సూదులూ గీదులూ ఏటీ అక్కర్లేదు. ఉంటాను," అని కెమెరా వైపు చూసి నమస్కారం పెట్టాడు. టైము సరిగ్గా పదిన్నర.

కొట్టుకి వచ్చేసరికి నర్సు మిరియం తన మిక్సీ కోసం కాచుకుని ఉంది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తుంది, మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు.

"నాగబాబు గారూ, ఇందాక టీవీలో ఆ పాపకి ఏం చెప్పారు మీరు?"

"పసుపెయ్యమన్నానండి."

"పిల్ల కుక్కయినా పెద్ద కుక్కయినా ఒకటే. నీళ్ళు చూస్తేనే భయపడే ఆ పిచ్చికుక్క జబ్బు గనక బయటపడిందంటే ప్రపంచంలో మందులేదు. మేం చూస్తూ నిలబడాలంతే. సూది ఆలస్యం చెయ్యకూడదు, ఈరోజే వేయించాలి. ఆవిడెవరో మీ మాట నమ్మి ఇంట్లో కూర్చుంటే ఎవరిది బాధ్యత?"

నాగబాబు నోరు తెరిచాడు, ఉప్పుగాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. పరుగున వెళ్ళి వీరేంద్రని అడిగితే ఆ ఫోను ఏదో కాయిన్ బాక్స్ నుంచి వచ్చిందని, నంబరు తెలియదని అన్నాడు. సూది వేయించమని తెర కింద అక్షరాలు వేయిస్తానన్నాడు గానీ, గంగాలమ్మకి చదువొచ్చో రాదో. నాగబాబు కొట్టు తలుపు కూడా వేయకుండా పాత స్కూటరెక్కాడు. కంచరపాలెం దాటేలోగా వాన పట్టుకుంది. దారంతా ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల అతని కళ్ళముందు నీళ్ళు చూసి భయపడుతూనే ఉంది. "నీ నోట్లో మన్నుబడ, నీ నోట్లో మన్నుబడ," అని తనని తానే తిట్టుకుంటూ బండి నడిపాడు. ఆ తిట్లలో నవ్వు లేదు.

పద్దెనిమిదో ఏట వదిలిన పేట. సందులు మారిపోయాయి, తెలిసిన ముఖాలు లేవు. మొదటి మలుపులో బండి ఆపి, వల కుడుతున్న ఒకాయన్ని గంగాలమ్మ ఇల్లెక్కడని అడిగాడు. ఆయన సూది ఆపకుండానే "నీలం తలుపు," అన్నాడు. నీలం తలుపు తోసుకెళితే గంగాలమ్మ గోడమీద ఫోటోలో ఉంది, దండతో. పోయి రెండేళ్ళయిందట. రామాలయం దగ్గర ఇంకొకాయన ఒక్క క్షణం ఆలోచించకుండా కుడివైపు పంపాడు. అక్కడి గంగాలమ్మ కొత్త పెళ్ళికూతురు, మనవరాలి సంగతి అడిగితే తలుపేసుకుంది. మూడోవాడు చెయ్యి చాపి మురుగునీటి బోదె అవతలకి చూపించాడు. అక్కడ గంగాలమ్మ కాదు కదా, ఇల్లే లేదు.

గంగమ్మ తల్లిని కొలిచే పేటలో ప్రతి మూడో ఇంట్లో ఒక గంగాలమ్మ ఉంటుందని అతనికి తెలియనిది కాదు. కానీ అడిగిన ప్రతివాడూ ఠకీమని జవాబు చెప్పడమేమిటి? ఒక్కడైనా నాకు తెలీదనడేం? మోకాళ్ళ దాకా బురద, ఒక చెప్పు బోదెలో పోయింది, టైము ఒంటిగంట దాటింది. "తెల్దని సెప్పి సావండర్రా," అని నడిసందులో నిలబడి అరిచాడు. అరిచాక తన మాట తనకే వినిపించి సిగ్గుతో చచ్చిపోయాడు.

చూరు కింద చేపల తట్ట పెట్టుకుని కూర్చున్న ముసలావిడ ఒకర్తె అతన్ని తేరిపార చూసింది.

"నువ్వు తండేలు గురువులు కొడుకువి కదేటి? టీవీలో కూకుంటావు. నాను నూకాల్ని. మీ అమ్మా నానూ ఒక్క తట్టలో సేపలమ్మినోళ్ళం."

"అత్తా, గంగాలమ్మ ఇల్లు..."

"ఆగు. ఏ గంగాలమ్మ? ఎందుకు? మొత్తం సెప్పు, తర్వాత నాను సెప్తాను."

మొత్తం చెప్పాడు. నూకాలు మధ్యలో ఒక్క మాట అనలేదు. అంతా విని, ముగ్గురు గంగాలమ్మల్ని వేళ్ళమీద తీసేసి, తట్ట పక్కింటావిడకి అప్పజెప్పి లేచింది.

"మీ అయ్య బేగి సెప్పేవోడే," అంది నడుస్తూ. "గానీ సెప్పే ముందు రాత్రంతా గాలినడిగేవోడు, నీటినడిగేవోడు, సుక్కల్నడిగేవోడు. పడవలో నువ్వు పడుకుని కక్కుకుంటున్నావు, అదంతా సూడనేదు. ఆఖరి మాటొక్కటే ఇన్నావు."

నాగబాబు తలొంచుకుని ఒంటిచెప్పుతో ఆవిడ వెనకాలే నడిచాడు.

సముద్రం వైపు చివరి వరసలో ఒక చిన్న ఇల్లు. గడపలో గంగాలమ్మ, ఆవిడ ఒళ్ళో ఐదేళ్ళ పిల్ల సాయిదుర్గ. పిల్ల కాలికి కట్టుంది. గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వినగానే నాగబాబు గడప దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, నా మాట ఇనకండి. పిల్లని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్దాం, నా బండి మీద. సూది ఏయించాల. నాను తప్పు సెప్పీసినాను, నాకేటీ తెల్దు."

గంగాలమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"సూదా? నిన్న కరిసిన గంటకే పెద్దాసుపత్రిలో ఏయించీసినాం బాబూ. ఇంకా నాలుగున్నాయట. అదే సెప్పబోతన్నాను. సూది ఏయించినప్పటి నుంచి ఈ గుంట ఏడుపు మానట్లేదు, ఏటి సేసేదని అడుగుదామని ఫోన్ సేసినాను. నువ్వు ఇంటే కదా? పసుపన్నావు, ఫోన్ పెట్టీసినావు."

"మరి... నాను సూదులొద్దన్నాను కదమ్మా. అది ఇని మీరు మానేస్తారేమోనని..."

గంగాలమ్మ నూకాలు వైపు చూసింది. నూకాలు మొహం తిప్పుకుంది. ఇద్దరి భుజాలూ కదులుతున్నాయి.

"నువ్వు సెప్పింది ఎవులు సేత్తారు నాయినా," అంది గంగాలమ్మ, చాలా మర్యాదగా. "ఆదివారం పదయితే ఈదంతా మా ఇంటికాడే కూకుంటాం. పది రూపాయల సినిమాకి కూడా అంత నవ్వురాదు. గుంట నవ్వుతాదనే కదేటి నీకు ఫోన్ సేసింది."

నాగబాబుకి ఒక్కసారి అంతా అర్థమైంది. కొట్లో కూర్చుని అడిగినవాళ్ళూ, టీవీకి ఫోన్లు చేసినవాళ్ళూ, దణ్ణం పెట్టిన మేష్టారు కూడానేమో, ఇన్నేళ్ళూ తనని చూసి కాలక్షేపం చేశారు. దుప్పటి కప్పిన కుర్రాడూ, కుక్కకి నూనె పట్టించినాయనా, అలాంటి కొందరే పాపం నమ్మినట్టున్నారు. పరువు పోయిందని ఏడవాలి నిజానికి. కానీ పిల్ల బతుకుతుంది. తన మాటకి విలువ లేకపోబట్టి పిల్ల బతుకుతుంది. ఆ సంతోషం తట్టుకోలేక తడి ఇసుకలో అలాగే కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, నలభై ఏళ్ళ మనిషి భోరుమన్నాడు.

సాయిదుర్గ ఏడుపు ఆపి చూసింది. బురద బట్టలు, ఒక్క చెప్పు, ఎగిరెగిరి పడుతున్న భుజాలు. ఒళ్ళోంచి దిగి, కట్టుకాలితో కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, దగ్గరికి వచ్చి వంగి అతని మొహం చూసింది. తర్వాత వెనక్కి తిరిగి జాలిగా అడిగింది.

"మామ్మా, ఇతనికి కూడా సూది ఏసీసినారా?"

"ఆఁ," అంది గంగాలమ్మ. "ఇప్పుడే."