అక్షిత వినే చుక్క చప్పుడు

గోవర్ధన్ బిడ్డ అక్షిత పరిశోధన పాడైందట, ఏడాదిగా ఆమె మిషన్‌లో ఒట్టి చప్పుడే వస్తోందట, అందుకే హైదరాబాద్ వదిలి సిరిసిల్లకు వచ్చేసిందట! మా వాడకట్టులో ఇదే మాట. తప్పు. తల్లి రేణుక కంటి ఆపరేషన్ కోసం వచ్చింది. చప్పుడంటారా, ఆమె చదువే ఆ చప్పుడు గురించి. నేను ఎదురింటిదాన్ని, అక్షిత వచ్చిన నాడే ఆమెనే అడిగేశాను.

"కంటికి ఆనని చుక్క అవ్వా, క్వాంటం డాట్ అంటరు. దాంట్ల ఎలక్ట్రాన్ బొంగరం లెక్క ఊకె అటిటు ఊగుతది. గా ఊగుడు తెలుసుకోవాలె."

"పట్టుకొని చూడరాదు?"

"ముట్టుకుంటె దాని తీరే మారిపోతది. అందుకే సన్నటి లేజర్ వెలుగు పంపుతం. అవతలికచ్చిన వెలుగు రవ్వంత వణుకుతది. గా వణుకుడే మా చప్పుడు. నాయిన సాంచా ఆపకుంటనే, చప్పుడు విని పోగు తెగిందని చెప్పడా? గట్లనే!"

సాంచా అంటే మా మరమగ్గం. ఐదో తరగతి చదివిన నాకు కూడా అర్థమైపోయింది! నాకు నిలువలేనంత సంబరం.

చిక్కల్లా ఒక్కటే. మిషన్ గీసే చప్పుడు గీతలో ఒకచోట చిన్న గుట్ట లేచింది. అది చుక్కదా, మిషన్‌దా? చుక్కదైతే, దాని పక్కన పెట్టిన అయస్కాంతం బలం పెంచగానే గుట్ట పక్కకు జరగాలి. జరగకపోతే ఏడాది పని మిషన్ రొద విన్నట్టే. హైదరాబాద్‌లో ఆమె స్నేహితురాలు సుమలత ఆ పరీక్షే చేస్తోంది. ఫోన్ రావాలి.

బిడ్డకు ఫోన్ వినబడాలని గోవర్ధన్ సాంచాలన్నీ బంద్ చేశాడు. అంతే! సిరిసిల్లలో సాంచా ఆగిందంటే ఏదో కీడు జరిగినట్టే. వాడంతా ఇంటి ముందు జమైంది.

"ఎవలికేమైందిరా?" అని వచ్చింది రాములవ్వ. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది. "నీ పెండ్లినాడు గూడ సాంచా ఆపకపోతివి, ఫోన్‌కు ఆపినవారా!"

"నడిపియ్యి నాయినా! గీ మందిని చూస్తెనే గుండె దడ దడ అంటుంది," అంది అక్షిత.

సాంచాలు మళ్లీ మోగాయి. ఆ మోతలోనే ఫోన్ వచ్చింది. ఒక చెవికి ఫోన్, ఇంకో చెవికి అరచెయ్యి. నాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు! అడిగితే మళ్లీ దడ పుడుతుందని పళ్లు బిగబట్టి ఆమె ముఖమే చూశాను. పెదవి వణికింది. కళ్లల్లో నీళ్లు. మంచికా, చెడ్డకా? ఇంక నా వల్ల కాలేదు.

"జరిగిందా లేదా బిడ్డా, చెప్పు!"

"జరిగిందవ్వా! అయస్కాంతం ఎంత పెంచితె గంత జరిగింది. అది చుక్కదే!"