మౌలాలి మెట్లు, యాప్రాల్ కుర్చీలు

మా గ్యాలరీ కూలేటట్టు లేకుండె. కూలుతదని చెప్పింది నేను. ముందుగల్లనే ఈ మాట రాసిపెడుతున్న, ఎందుకంటె తర్వాత రాద్దాంలే అనుకుంటె నా చెయ్యి దాన్ని దాటేసి పోతది. నా చెయ్యి సంగతి నాకు మంచిగ ఎరుక.

మౌలాలిల రైల్వే క్వార్టర్ల వెనక మా క్లబ్బుకు ఒక ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉండె. ఎన్కటికి ఎవరో పెద్దమనిషి ఆట కోసమని రాసిచ్చిన జాగ. గ్యాలరీ అంటె ఒక పక్కన తొమ్మిది రాతిమెట్లు, వాటి మీద రేకుల షెడ్డు, అంతే. దాన్నే మేము స్టేడియం అంటుంటిమి, బయటోళ్లు నవ్వుతుండిరి. నేను అండ్ల పదేండ్లు డిఫెన్సుల ఆడిన. మోకాలు పోయినంక ఆట బంద్ చేసిన గని గ్రౌండును ఇడువలే. ఆఫీసుల కొలువు అయిపోయినంక క్లబ్బుకు సెక్రటరీ అయిన. జీతం లేని కొలువు. గని టోర్నమెంటు పోస్టరు మీద కింద చిన్న అక్షరాలల్ల పేరు పడుతది. నాకు గది చాలు.

ఒకసారి కాప్రా దిక్కు నుంచి ఒక టీము ఆడనీకి వచ్చింది. వ్యాను దిగంగనే ఒకడు మా మెట్లను చూసి, "ఏందన్నా, ఇది స్టేడియమా, స్నానఘట్టమా?" అన్నడు. అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. మా గ్రౌండును చూసి నాకే సిగ్గైంది. నాకు ఆట నేర్పిన జాగను చూసి సిగ్గుపడ్డ, ఏం మనిషినో నేను!

ఆ ఏడు వానలకు షెడ్డుకు ఒక మూలనున్న స్తంభం ఒరిగింది. దాంతోని లొల్లి షురూ అయింది. కొందరు ఉన్నదాన్నే బాగు చేసుకుందామన్నరు. కొందరు మొత్తం పడగొట్టి అక్కడ్నే కొత్తది కట్టుకుందాం, కట్టేదాక ఆట బంద్ పెడదామన్నరు. గింతల ఒక బిల్డరు దిగిండు. "ఈ జాగ నాకియ్యిన్రి, యాప్రాల్ అవతల ఇంతకు రెండింతల జాగల మీకు స్టేడియం కట్టిచ్చి చేతిల పెడత. పచ్చగడ్డి, లైట్లు, కుర్చీలు, బట్టలు మార్చుకునే రూములు" అన్నడు. మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి సుత వచ్చిండు. చాయ్ తాగి లేసుకుంట, "సార్, గేటు కాడ నల్లరాయి పెట్టిస్త, సెక్రటరీ అని మీ పేరు బంగారు రంగుల చెక్కిస్త" అన్నడు.

ఆయన మెట్లు దిగిండో లేదో మా ఆమె వంటింట్లకెల్లి వచ్చింది. "పేరు కోసం పెండ్లాన్ని సుత తాకట్టు పెడతవ్ నువ్వు" అన్నది. నేను నవ్వి ఊకున్న. అబద్ధమైతె కోపం రావాలె గద. రాలే.

మా క్లబ్బుల ఆడపిల్లల టీము ఒకటి ఉండె. దాన్ని నిలబెట్టింది టీచరమ్మ. మిషన్ స్కూల్ల డ్రిల్లు టీచరుగ చేసి రిటైరైంది. వాళ్లది అసలు గుంటూరు దిక్కు, సికింద్రాబాదుకు వచ్చి రెండు తరాలైంది. ఆదివారం చర్చి కాంగనే తెల్లచీరె మీదనే బూట్లు ఏసుకొని, మెడల విజిలు ఏలాడేసుకొని గ్రౌండుకు వచ్చేది. గల్లీ గల్లీ తిరిగి, ఇంటింటికి పోయి తల్లిదండ్రులను బతిమాలి పదిహేడుమంది పిల్లలను జమ చేసింది. వాళ్లు పంపుడుకు ఒక్కటే కారణం. మిద్దె ఎక్కితె గ్రౌండు కనబడుతది. తల్లి బట్టలు ఆరేసుకుంట బిడ్డను ఒక కంట చూసుకునేది. గ్రౌండు జరిగితె ఆ పిల్లలు రారు. ఈ ముచ్చట టీచరమ్మకు తెలుసు. నాకు సుత తెలుసు.

మేస్త్రిని పిలిపిచ్చిన. టీచరమ్మ సుత వచ్చి నిలబడ్డది. మేస్త్రి ఒక్కొక్క మెట్టును సుత్తెతోని కొట్టి, వంగి చెవి పెట్టి ఇన్నడు. తొమ్మిది మెట్లు గట్లనే ఇన్నడు. ఇని, "సార్, రాయి ఉక్కు లెక్క ఉన్నది. మనం పోయినంక సుత ఉంటది. ఆ మూల స్తంభం ఒక్కటి పోయింది. అది తీసి కొత్తది పెట్టుకోన్రి, రేకులు మార్చుకోన్రి, అయిపాయె" అన్నడు.

"దేవుడికి స్తోత్రం" అన్నది టీచరమ్మ. ఆమె మొఖం ఎలిగిపోయింది. నా దిక్కు తిరిగి, "ఇంకేం అన్నా, ఆదివారం మీటింగులో ఇదే చెప్పేద్దాం" అన్నది.

"చూద్దాం టీచరమ్మా" అన్న. చూద్దాం అన్నోడు ఎన్నడన్న చూసిండా?

మా మీటింగులకు ఒక రివాజు ఉండె. గ్రౌండ్లనే, నడిమి గీత కాడ గుండ్రంగ కూసుంటం. బంతి ఎవరి చేతిల ఉంటె వాళ్లే మాట్లాడాలె, కడమోళ్లు నోరు మూసుకోవాలె. మాట్లాడాల్ననుకున్నోళ్లు చెయ్యి లేపాలె, బంతి ఉన్నోళ్లు వాళ్లకు ఇసరాలె. ఎన్కట తెలుగోళ్లు, ఉర్దూవోళ్లు, తమిళోళ్లు అందరు ఒక్కపారే ఒర్రుతుంటె తట్టుకోలేక ఎవరో కెప్టెన్ పెట్టిన కట్టుబాటట. చెయ్యి లేపిన మనిషికి బంతి ఇయ్యకుండుడు అనేది మా క్లబ్బుల ఎన్నడు లేదు. సున్నంతోని గీతలు గీసే ముసలాయన చెయ్యి లేపినా ఇచ్చేటోళ్లు. ఆయన అరగంట సేపు తన అల్లుని గురించి చెప్పినా ఇన్నం ఒకసారి.

ఆ ఆదివారం పొద్దుగూకె యాళ్లకు అందరం కూసున్నం. సెక్రటరీని గనుక బంతి నాతోని షురూ. "మేస్త్రి వచ్చి చూసిండు. మూలస్తంభం పోయింది. రేపు మ్యాచు నడుస్తుంటె షెడ్డు మీద పడ్డది, గ్యాలరీ కూలింది అనుకోన్రి, ఎవరి పిల్లలు పోతరు? ఎవరు జవాబుదారీ?" అన్న. నా గొంతు సుత వణికింది. అంత మంచిగ ఆక్టింగు చేసిన. మేస్త్రి చెప్పిన దాంట్ల సగం చెప్పిన, సగం మింగిన, మింగిన జాగల నాది కొంచెం కలిపిన.

టీచరమ్మ నాకు సీదా ఎదురుంగ కూసున్నది. చెయ్యి లేపింది. నేను చూసిన. చూడలేదంటె కండ్లు పోతయి. చూసి, బంతిని నా పక్కాయనకు ఇచ్చిన.

యాప్రాల్ కావాల్ననేటోళ్లం మేము నలుగురం ముందుగాలనే మాట్లాడుకొని వచ్చినం. నేను తానా అంటె వాళ్లు తందానా. మ్యాచుల ఒక గోలు ఎక్కువుండి, ఇంక అయిదు నిమిషాలే ఉన్నప్పుడు ఏం చేస్తరు? బంతిని అవతలోళ్లకు చిక్కనియ్యకుంట తమలో తామే అటు ఇటు తన్నుకుంట టైం గడుపుతరు. మేము గదే చేసినం. ఒకాయన లైట్ల గురించి చెప్పిండు. ఒకాయన బండ్లు పెట్టుకునే జాగ గురించి చెప్పిండు. మూడో ఆయన బాత్రూముల గురించి ఎంతసేపు చెప్పిండంటె, ఇగ మేము కట్టేది స్టేడియమా బాత్రూమా అని నాకే అనుమానమొచ్చింది. బంతి మళ్ల నా దగ్గరికి వచ్చేది, నేను మళ్ల వాళ్లకే ఇచ్చేది.

టీచరమ్మ కుడిచెయ్యి నొస్తుంటె దించి, ఎడమచెయ్యి లేపింది. గీతలు గీసే ముసలాయన నా దిక్కు చూసి ఆమె దిక్కు ఏలు చూపెట్టిండు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కదలకుంట కూసున్న. వానకాలం పొద్దు, జల్దీ గుంకింది. "చీకటైతున్నది, ఇగ చేతులెత్తుదాం" అని బంతిని సంకల పెట్టుకొని లేసిన. యాప్రాల్ కావాలన్నోళ్లయి మూడు చేతులు ఎక్కువొచ్చినయి. కడమోళ్లను లెక్క పెట్టేటప్పుడు టీచరమ్మను చెయ్యి ఎత్తుమని చెప్పే పనే పడలే. ఆమె చెయ్యి ఇంక దించనే లేదు.

నిజం చెప్పాలె, యాప్రాల్ స్టేడియం మంచిగనే ఉన్నది. గడ్డి మీద పడితె మోచేతులు గీరుకపోవు. నీలం రంగు కుర్చీలు, ఒక్కొక్క దానికి నంబరు. గేటు కాడ రాయి సుత పెట్టిండు బిల్డరు, మాట తప్పలే. మొదటి దినం అందరు లోపలికి పోయినంక నేను వెనకకు వచ్చి నా పేరును ఏలుతోని తడిమి చూసుకున్న. ఎవరు చూస్తలేరనుకున్న. మా ఆమె చూసింది. ఏమనలే. ఆమె ఏమనకపోతె నాకు బయం.

పాత గ్రౌండు కాడ మెట్లు తియ్యనీకి మిషన్ తెచ్చిన్రట. పది దినాలు తిప్పలు పడ్డరట. తీసేటోళ్లే, "ఏం రాళ్లు మేస్త్రీ ఇవి, పగులుతలేవు" అని మేస్త్రితోని అన్నరట. మేస్త్రి నాకు చాయ్ దుకాణం కాడ కలిసి ఈ ముచ్చట నవ్వుకుంట చెప్పిండు. నన్ను అనాల్నని చెప్పలే, మామూలుగనే చెప్పిండు. నేను చాయ్ సగంల ఇడిసి వచ్చిన.

మొదటి వారం టీచరమ్మ పిల్లలను రెండు బస్సులు మార్చి యాప్రాల్ తీసుకొచ్చింది. పదకొండుమంది వచ్చిన్రు. మళ్ల వారం ఆరుగురు. తర్వాత ఇద్దరు, ఆ ఇద్దరు అక్కచెల్లెండ్లు. ఒక పిల్ల తండ్రి బజార్ల దొరికితె, నేనే ముందు పోయి, "మీ బిడ్డ వస్తలేదేంది?" అని అడిగిన. "సార్, ఆటాడి వచ్చేసరికి చీకటైతది. గంత దూరం ఆడపిల్లను పంపనీకి మేమేమన్న పాగల్‌గాళ్లమా?" అన్నడు. మిద్దె మీది తల్లులు నాకు మతికొచ్చిన్రు. ఆ నెలాఖరుకు ఆడపిల్లల టీము లేకుంటయింది. ఎవరు బంద్ చేయలే, అదే బంద్ అయింది అని మీటింగు మినిట్స్‌ల రాసుకున్నం. రాసింది నేనే.

మొన్న ఒక దినం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిసంచిల కాగితాలు. "వందనాలు అన్నా. పిల్లలకి మీ సంతకాలు కావాలి" అన్నది. ఆటగాళ్లు ఒక క్లబ్బు ఇడిసిపెడితె, మాకు అభ్యంతరం లేదని సెక్రటరీ రాసియ్యాలె. అప్పుడే వేరే టీముల చేర్చుకుంటరు.

"ఏ టీముల చేరుతున్నరు?" అని అడిగిన. నాకు పానం లేచొచ్చింది. పోనీలే, ఎక్కడనో ఒకకాడ ఆడుకుంటరు అనుకున్న.

"ఇద్దరికి దొరికింది అన్నా. మిగతా పదిహేనుమందీ ఎక్కడా చేరట్లేదు. మేమూ క్లబ్బులో ఆడామని చూపించుకోవడానికి ఒక కాగితం కావాలన్నారు. అంతే."

మా ఆమె చాయ్ తెచ్చి పెట్టి, అక్కడ్నే నిలబడ్డది. ఇన్ని నెలల నుంచి నేను ఈ దినం కోసం మాటలు కూడబెట్టుకున్న. టీచరమ్మా, తప్పు నాదే, మాఫ్ చెయ్యిన్రి అందామని. నడుసుకుంట అనుకున్న, తానం చేసుకుంట అనుకున్న. తీరా ఆమె ఎదురుంగ కూసున్నంక నా నోట్లకెల్లి ఏమొచ్చిందో తెలుసా?

"ఆ దినం మీరే గట్టిగ ఒర్రి చెప్తె అయిపోతుండె గద టీచరమ్మా. ఎవరన్న ఆపుతుండిరా?"

తప్పు నాదైతె నింద ఆమె మీద ఏసిన. మా ఆమె నా దిక్కు చూసిన చూపు ఇంక నా మొఖం మీదనే ఉన్నది.

టీచరమ్మకు కోపం రాలే. చాయ్ గిలాస కింద పెట్టింది. "పిల్లలు పదిహేడుమందీ వెనక మెట్ల మీద కూర్చుని చూస్తున్నారన్నా. చేతిలో బంతి లేకుండా మాట్లాడకూడదని వాళ్ళకి నేర్పింది నేనే కదా. బంతి వస్తుంది, ఆగండి అని వాళ్ళకి సైగ కూడా చేశాను" అన్నది.

తిట్టినా మంచిగుంటుండె. చెప్పుతోని కొట్టినా మంచిగుంటుండె. నాకు మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక కాగితాలు నా దిక్కు గుంజుకున్న. ఆమెనే చేతితోని రాసుకొచ్చింది, గుండ్రటి అక్షరాలు. పేరు, తండ్రి పేరు, ఏ స్థానంల ఆడుతుండె, ఎన్నేండ్లు ఆడింది, అన్ని నింపింది. ఒక్క గీత మాత్రం ఖాళీగ ఉండె. క్లబ్బు వదలడానికి కారణం.

"ఇది రాయలేదు మీరు" అన్న.

"అది సెక్రటరీగారే రాయాలన్నా" అన్నది టీచరమ్మ.

పెన్ను పట్టుకొని కూసున్న. ఏం రాయాల్నో నాకు తెలుసు, ఎదురుంగ కూసున్నామెకు తెలుసు, తలుపు కాడ నిలబడ్డామెకు తెలుసు. ఇంత చిన్న గీత, రెండు మాటలు పడితె చాలు. మొదటి కాగితం మీద "దూరం" అని రాసిన. రెండోదాని మీద సుత గదే రాసిన. ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటి చదువుకుంట పదిహేడు కాగితాల మీద దూరం, దూరం అని రాసుకుంట పోయిన, కింద సంతకం పెట్టుకుంట పోయిన. టీచరమ్మ అన్ని ఏరి, అంచులు సరిచేసి సంచిల పెట్టుకున్నది. కారణం నేనని ఒక్కదాని మీద సుత రాయలే.