లిఫ్టు, గవర్నర్ల మనవరాలు

ఇంగ్లండులో, స్లౌ అనే ఊళ్ళో మా ఫ్లాట్లకు ఒక కమిటీ పెట్టాలనుకున్నది ముఖ్యంగా లిఫ్టు కోసమే. అది నెలల తరబడి పాడైపోయి ఉంది. మేముండేది మూడో అంతస్తు, మా ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు. 2016లో అనుకుంటాను. ఛైర్మన్ పదవి నాకే రావాలని ఎంత ఆశో చెప్పలేను. మా తాత మునసబు మరి! పెత్తనం మా రక్తంలోనే ఉందని నా నమ్మకం.

ఆ నమ్మకానికి దెబ్బకొట్టింది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే క్రొయేషియా ఆవిడ. ఒకసారి మమ్మల్ని టీకి పిలిచింది. ముందుగదిలో నిలువెత్తు చిత్రపటం: బొచ్చు టోపీ, నడుముకు కత్తి, ఎవరినీ లెక్కచెయ్యని మీసం.

"మా ముత్తాత తండ్రి. రాజుగారి తరఫున మా జిల్లాకు గవర్నర్. ఆయన తండ్రీ అంతే, తాతా అంతే" అంది, నిన్న వాన పడిందన్నంత మామూలుగా.

రోడ్లు, వంతెనలు, తీర్పులు అన్నీ వాళ్ళ కోటలోంచే నడిచేవట. యుద్ధాల తరవాత ఆ కోట పోయింది, పదవీ పోయింది, ఈ పటం మిగిలింది. నేను మా తాత సంగతి ఎత్తబోయి, టీ తాగి ఊరుకున్నాను. ఒక ఊరి శిస్తెక్కడ, జిల్లా ఎక్కడ! ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండింది. అసూయే, దానికింకో పేరు లేదు.

మీటింగు రోజున సభ నడిపిన స్కాటిష్ పెద్దాయన ముందు నన్నే అడిగాడు, "ఛైర్మన్‌గా మీరుంటారా?" అని. లోపల గంతేశాను. పైకి మాత్రం, "అబ్బే, నాకెందుకండీ, పెద్దవాళ్ళున్నారు" అని ఇంగ్లీషులో మొహమాటపడ్డాను. మనలో అంతే కదా! అడగ్గానే ఒప్పుకుంటే ఆశపోతంటారు. మళ్ళీ అడగాలి, పక్కవాళ్ళు బతిమాలాలి, అప్పుడు సరేననాలి.

ఆ మహానుభావుడు "పర్వాలేదు, అర్థమైంది" అని అటు తిరిగాడు. క్రొయేషియా ఆవిడ వెంటనే, "నేను చేస్తాను" అంది. బెట్టు లేదు, బతిమాలించుకోవడం లేదు. నా వెనక వరసల్లో చేతులు లేచాయి, అయిపోయింది.

మెట్లెక్కుతూ మా ఆవిడ దగ్గర మండిపడ్డాను.

"చూశావా పొగరు? ఇంకా కోటలోనే ఉన్నాననుకుంటోంది! ఆవిడకు చేతులెత్తినవాళ్ళననాలి."

మా ఆవిడ రెయిలింగ్ పట్టుకుని ఆగింది.

"నేనూ ఎత్తాను."

"నువ్వా! నాకు కావాలని నీకు తెలీదూ?"

"తెలుసండీ" అంది ఆయాసపడుతూ. "మీకు ఛైర్మన్‌గిరీ కావాలి. నాకు లిఫ్టు కావాలి."